కర్షకపురములలో కళాతిథ్యము

మన జంటనగరములలో కళాప్రదర్శనములకు కొదువ లేదు. శిల్పారామమున సంతలు, మాదాపురమున చిత్రశాల, రవీంద్రభారతిలో నాటకములు, పాఠశాలలలో వార్షికోత్సవములు, ఏదో యొకటి జరుగుచునే యుండును. కాని సికింద్రాబాదునుండి కాజీపేట దారిని రైలెక్కి పోవునప్పుడు కిటికీలోనుండి కనబడు భువనగిరి, ఆలేరు, జనగామ మొదలగు ఊళ్లలోను, వానికి వెనుకగా రైలుకూత యైనను వినబడని చేర్యాల, బచ్చన్నపేట వంటి చిన్న పురములలోను, ఒక చిత్రకారుడుగాని, నటుడుగాని, కథకుడుగాని కొన్ని నెలలు కాపురముండి, ఆ యూరివారి నడుమ పని చేసి, ఆ పనిని మొట్టమొదట ఆ యూరివారికే చూపుట నేడు అరుదైపోయినది. అట్టి నివాసములను ఏర్పరచుట ప్రభుత్వము పనియో ధనవంతుల పనియో యని ఊరకుండుట తగదనియు, ఆ యూళ్లవారే దీనికి పూనుకొనవలెననియు, మన పాఠశాలవంటి సంస్థలు ఇందుకు చేయూత నీయగలవనియు చెప్పుటకే ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

ఒక యూరివారు కళాకారుని పిలిచి, ఇల్లు చూపి, భోజనవసతి కల్పించి, కొంతకాలము తమతో నుంచుకొనుటను ఇప్పుడు 'ఆర్టిస్ట్ రెసిడెన్సీ' యని పిలుచుచున్నారు. పేరు పరదేశముది గావున పద్ధతియు పరదేశముదే యని పలువురు తలంతురు. పరదేశమున దీనికి మంచి యుదాహరణములు లేకపోలేదు. 1936లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమువారు జాన్ స్టూవర్ట్ కర్రీ యను చిత్రకారుని తమ కొలువున నియమించిరి. ఏ శాఖలోననగా, వ్యవసాయ కళాశాలలో! కాన్సాస్ రాష్ట్రమున రైతుబిడ్డగా పుట్టిన ఆయనకు తరగతులలో పాఠములు చెప్పు విధి లేదు. ఆయన తన చిత్రములు తాను వ్రాసికొనుచు, పల్లెలకు పోయి, తీరికవేళల బొమ్మలు వేయు రైతులను, రైతుల యిల్లాండ్రను కలిసికొని, వారి పనిని చూచి, తోచిన మాట చెప్పుచుండెను. 1940నుండి ఆ రాష్ట్రమున గ్రామీణ చిత్రకారుల ప్రదర్శనములు జరుగసాగినవి. కర్రీ 1946లో మరణించువరకు ఆ కొలువుననే యుండెను. పైరునకు పట్టిన తెగులును గూర్చి చెప్పు నిపుణుడు ఎట్లో, బొమ్మను గూర్చి మాటలాడు మనిషియు అట్లే రైతునకు కావలెనని యొక వ్యవసాయ కళాశాల గుర్తించుట మెచ్చదగిన సంగతి. మన రాజేంద్రనగరమందలి వ్యవసాయ విశ్వవిద్యాలయమున అట్టి యుద్యోగ మొకటి యున్నచో ఎట్లుండునో చదువరులు ఊహింతురు గాక.

కాని కర్రీ పుట్టుటకు ఎన్నియో తరముల ముందే మన తెలంగాణమున ఈ యాచారము కలదు. దానికి పేరు మాత్రము లేకుండెను. ఇందుకు చేర్యాలయే సాక్షి.

చేర్యాల ఒకప్పుడు వరంగల్లు జిల్లాలోనిది. 2016లో జిల్లాలు మార్చినప్పుడు సిద్దిపేట జిల్లాలో చేరినది. సికింద్రాబాదునకు నూరు కిలోమీటర్ల లోపుననే యున్నది. చుట్టును చెరువులు, మెట్టచేలు, వానను నమ్ముకొన్న సేద్యము. ఇట్టి యూర తరతరములుగా నకాశీలను చిత్రకారులు నివసించుచున్నారు. ధనాలకోటవారి యింటిపేరు ఈ విద్యలో నేడు దేశమంతట వినబడుచున్నది. వీరు వ్రాయు పటములు గోడకు తగిలించి అందము చూచుకొనుటకై పుట్టినవి గావు. ముతక ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, ఉడికించి నూరిన చింతగింజల ముద్ద, జిగురు కలిపి పూయుదురు. ఒక పూత ఆరిన పిమ్మట మరియొకటి, అది ఆరిన పిమ్మట ఇంకొకటి. గుడ్డ అట్టవలె గట్టిపడును గాని చుట్టిన విరుగదు. దానిపై ఉడుతవెండ్రుకల కుంచెతో గీతలు దిద్ది, బొమ్మల వెనుక నేలయంతయు ఎర్రరంగుతో నింపుదురు. ఒక్కొక్క పటము ఇంచుమించు గజము వెడల్పున, నలువది అడుగులకు మించిన పొడవున సాగుచుండెను. కథ ఎంత పొడవో పటమంత పొడవు. పూలతీగల అంచులతో గళ్లు విడదీసి, గడికొక ఘట్టము వ్రాసి, చుట్టచుట్టి కథకుని చేతికిత్తురు.

ఆ కథకులను గూర్చి కొంచెము వివరముగ చెప్పవలెను, ఏలయన మనకు కావలసిన పాఠము అచ్చటనే యున్నది. పద్మశాలీలకు మార్కండేయపురాణమును చెప్పువారు కూనపులివారు. ముదిరాజులకు పాండవుల కథలు చెప్పువారు కాకిపడగలవారు. రజకులకు మడేలు పురాణమును పటమువారు, మాదిగలకు జాంబపురాణమును డక్కలివారు చెప్పుదురు. గొల్లలకు కథ చెప్పు మందహెచ్చులవారు పటమునకు బదులు బొమ్మలను వాడుదురు. ఆ బొమ్మలును చేర్యాల నకాశీల చేతివే. ఏ కుటుంబము ఏ యూళ్లకు పోవలెనో వంశపారంపర్యముగ ఏర్పాటు కలదు. పంటలు ఇంటికి వచ్చిన పిమ్మట ఈ కథకులు తమవంతు ఊరికి వచ్చి, అచ్చటనే దిగి, రాత్రులు పటమును వ్రేలాడదీసి, గడి వెంట గడి విప్పుచు, పాటతోను వచనముతోను కథ నడపుదురు. కొన్ని దినములలో కథ ముగియును. ఆ దినములన్నియు వారికి తిండి, బస ఆ కులమువారివే. పోవునప్పుడు ధాన్యమో, రొక్కమో, బట్టలో ఇచ్చి పంపుదురు. పటము పాతబడినచో మూలబడవేయుట లేదు. దానికి మర్యాదలు జరిపి నీటిలో విడుచుదురు. మనకు మిక్కిలి ప్రాచీనమైన పటములు చాల కొద్దిగ మిగులుటకు ఈ యాచారమును ఒక కారణము. పటము చిరిగిన క్రొత్తది కావలెను. క్రొత్తది కావలెనన్న చేర్యాలకు పోయి చిత్రకారునికి బయానా ఇయ్యవలెను. ఇట్లు ఒక రైతుదేశమంతయు కలిసి చిత్రకారుని, కథకుని, కథను ఒక్క త్రాట నిలిపినది. ఇందులో ఏ సంస్థానాధీశుని ఖజానాయు లేదు.

ఈ యేర్పాటువలన ఊరికేమి లాభము కలిగెనని అడుగువారు జాంబపురాణమును తలచుకొనవలెను. భూమి పుట్టకమునుపే ఆదిజాంబవుడు పుట్టెనని ఆ పురాణము చెప్పును. సంవత్సరము పొడవునను ఊరివెలుపల నుంచబడి, చెప్పులు కుట్టి, మోటబొక్కెనలు కుట్టి, నోరెత్తక బ్రతికిన వారి వాడలో, పటము దీపమునకు ఎదురుగ వ్రేలాడుచుండగా, 'మీరు లోకమునకు పెద్దలు' అను మాట రాగముతో వినబడుచుండెను. ఆ రాత్రి ఆ మాట విన్న పిల్లవానికి అది ఎంత విలువగలదో లెక్కగట్టుటకు ఏ తూకమును చాలదు. కళ పొట్టకూటికి పనికిరాదని చెప్పుట సులభము. మనిషి తల యెత్తి నిలుచుటకు పనికివచ్చెనని ఇచ్చట తేటతెల్లము.

మరియొక లాభమును కలదు. అది వెంటనే కనబడునది గాదు. తోట వైకుంఠముగారి చిత్రములను చూడని విద్యార్థి ఈ నగరమున ఉండడు. పెద్ద బొట్టు, నల్లని మేను, ముదురురంగుల చీర గల తెలంగాణపు స్త్రీలను ఆయన ప్రపంచమునకు చూపెను. ఆయన 1942లో కరీంనగరు సీమలోని బూరుగుపల్లిలో పుట్టినవారు. చిన్ననాట తమ యూరికి వచ్చిన నాటకసమాజములలో ఆడువేషములు వేసిన పురుషులను చూచి మురిసిపోయితినని, ఆ ముస్తాబు తన మనస్సున నిలిచిపోయెనని ఆయన చెప్పియున్నారు. పేరు లేని యొక నాటకసమాజము ఒక పల్లెలో కొన్ని రాత్రులు బసచేసి పోయెను. ఆ రాత్రుల ఫలము హైదరాబాదు, బరోడాల చదువు పిమ్మట ఎన్నియో యేండ్లకు కుంచెలోనుండి బయటపడెను. ఆ సమాజమువారికి ఈ సంగతి తెలిసియుండదు. అతిథియైన కళాకారుడు విత్తిన గింజ ఏ చేన మొలచునో ఎవరు చెప్పగలరు?

సురభివారి చరిత్రయు ఇట్టిదే. 1885లో కడపజిల్లాలోని సురభి గ్రామమున 'కీచకవధ' ఆడిన కుటుంబమే ఆ పేరుతో నాటకసమాజములుగా పెరిగినది. వారు ఊరూర డేరాలు వేసికొని, నెలల తరబడి అచ్చటనే కాపురముండి, పగలు వంటలు వండుకొనుచు, పిల్లలను పెంచుకొనుచు, రాత్రి 'మాయాబజారు' ఆడుచుండిరి. ఆ యూరివారికి వారు కొన్ని నెలల ఇరుగుపొరుగువారు. సరకులు ఊరి యంగడిలోనే కొనిరి, ఊరి బావినీళ్లే త్రాగిరి. కావుననే ఎక్కడ నవ్వుదురో, ఎక్కడ కంటతడి పెట్టుదురో, ఆ యూరివారి గుండె తీరు వారికి తెలిసియుండెను. ఒక్కరాత్రి వచ్చి, మైకు పెట్టి, శాలువా కప్పించుకొని, మరునాటి యుదయముననే కారెక్కి పోవు వారికి ఆ తీరు ఎట్లు తెలియును?

ఐనను పాతపద్ధతిని ఉన్నదున్నట్లు తిరిగి తెచ్చుకొనవలెనని నా యభిప్రాయము గాదు. అది కులమునకు కట్టుబడిన పద్ధతి. ఒక కులము కథను మరియొక కులమువారు కూర్చుండి వినుట సాధారణముగ లేదు. కథకుడు తన దాతల కులమును వదలి మరియొకరి గడప త్రొక్కరాదు. అన్నిటికంటె కష్టమైన సంగతి యేమనగా, మాదిగవాడకు కథ చెప్పవచ్చిన డక్కలివారు ఆ వాడకును వెలుపలనే గుడిసె వేసికొనవలసి యుండెను. జగత్తునకు మీరు పెద్దలని చెప్పినవాడు ఆ పెద్దల యింట కాలు పెట్టరాదు! ఇట్టి యాతిథ్యము మనకు వలదు. ఊరంతయు కలిసి పిలువవలెను. ఊరంతయు కూర్చుండి చూడవలెను. అతిథి ఏ కులమువాడైనను ఊరి నడుమ దిగవలెను, నేడొక యింట రేపొక యింట భుజింపవలెను. ఈ షరతు ఒక్కటి ఒప్పుకొనని యూరికి కళాకారుడు పోకుండుటయే మేలు.

పాతకట్టు సడలిన పిమ్మట చేర్యాలకు ఏమి మిగిలినది? సినిమా వచ్చెను, ఇంటింట టెలివిజను వచ్చెను, కథకుల బిడ్డలు వేరు పనులకు పోయిరి, పటములు వ్రాయించువారు తగ్గిరి. నకాశీలలో ఆ వృత్తిని విడువనివి వ్రేళ్లమీద లెక్కింపదగిన కుటుంబములే. వారిలో కొందరు హైదరాబాదు చేరిరి. ప్రభుత్వమువారు బిరుదులిచ్చిరి, చేర్యాల చిత్రములకు భౌగోళిక గుర్తింపును లభించినది. ఇవి మంచి పనులే. వీని మూలముననే ఆ విద్య చావక నిలిచెనని ఒప్పుకొనవలెను. కాని నలువది అడుగుల పటము కుదించుకొని, నాలుగంగుళముల చెక్కముక్కయై, తాళపుచెవుల గొలుసునకు వ్రేలాడు బొమ్మయై దుకాణములలో అమ్ముడుపోవుచున్నది. రంపపుపొట్టు, చింతగింజల ముద్ద కలిపి చేయు ముసుగుముఖములు బైఠకుఖానా గోడల నలంకరించుచున్నవి. కొనువారిని నేను తప్పుపట్టను. నా బల్లమీదను ఒకటి కలదు. ఆ బొమ్మ ముద్దుగ నుండును, కాని అది కథ చెప్పదు. కథ చెప్పవలెనన్న పటము పక్కన ఒక నోరు కావలెను, ఎదుట ఒక యూరు కావలెను. బజారు చిత్రకారుని పొట్ట నింపగలదు. ఊరి కొలువులో అతనికుండిన స్థానమును ఈయలేదు.

"రైతు అప్పులలో మునిగియుండగా బొమ్మలేమిటి, పాటలేమిటి?" అని మన పెద్దలు కొందరు కోపింతురు. ఈ కోపము న్యాయమైనదే. దీనిని తేలికగ త్రోసివేయరాదు. బోరుబావి ఎండినవానికి, పత్తి ధర పడిపోయినవానికి చిత్రపటము మందు గాదు. ఆ రోగమునకు మందు వేరు, దానికై పోరాడవలసిన చోటు వేరు. కాని ఒక మాట. మన చేర్యాల పటములను పోషించినవారు మిగులుబడి గల కామందులా? నేతగాండ్రు, చేపలు పట్టువారు, గొర్రెలు కాయువారు, బట్టలుతుకువారు, తోలుపని చేయువారు! వారికి కరవులు తెలియవా? వారు కథకుని పాలును కమ్మరి పాలు, వడ్రంగి పాలు వలెనే యెంచిరి. పేదలకు కళ అక్కర లేదను మాట పేదలెన్నడును చెప్పినది గాదు. వారి పేరుతో ఇతరులు చెప్పినది.

1938లో గుజరాతులోని హరిపురమను పల్లెలో కాంగ్రెసు మహాసభ జరిగినప్పుడు గాంధిమహాత్ముడు నందలాల్ బోసుగారిని పిలిపించి పందిళ్లను అలంకరింపజేసెను. అప్పుడు నందలాలుగారు వ్రాసినవి దేవతామూర్తులు మాత్రమే గావు; రైతు, కమ్మరి, కుట్టుపనివాడు, వంట చేయు ఆడుది, డోలు వాయించువాడు! చూడవచ్చిన పల్లెవారు తమ్ము తాము గోడపై చూచుకొనిరి. అంతకుముందే, 1922లో, రవీంద్రనాథ ఠాకూరుగారు సురూలు గ్రామమున ఎల్మ్‌హర్స్ట్ అను వ్యవసాయశాస్త్రజ్ఞుని సాయముతో శ్రీనికేతనమును నెలకొల్పిరి. విత్తనము, పాడి, మలేరియా మొదలగు వ్యవహారములతో బాటు అచ్చట తోలుపని, నేత, పాట, పండుగ కలిసియే నడచినవి. నాగలిపండుగ యైన హలకర్షణోత్సవమును నందలాలుగారు శ్రీనికేతనపు గోడపై చిత్రించిరి. ముందు అన్నము, తరువాత కళ యని వరుస పెట్టక రెంటిని ఒకే పంక్తిలో కూర్చుండబెట్టిన పెద్దలు వీరు.

ఇక నేడు మన యూళ్లలో కళపేర జరుగు కొన్ని పనులను గూర్చి నిర్మొహమాటముగ వ్రాయవలెను. ఏదో యొక పథకము వచ్చును. పట్టణమునుండి నలుగురు చిత్రకారులు బండి దిగుదురు. రెండు దినములలో బస్సుస్టాండు గోడ, నీళ్లట్యాంకు, బడిగోడ రంగులతో నిండిపోవును. పెద్ద నెమలి, పెద్ద సీతాకోకచిలుక, క్రింద ఒక నినాదము. ఫోటోలు తీయుదురు. ఊరివారిలో ఎవరిని అడిగిరి? ఎవరును అడుగరు. మూడవ వానాకాలమునకు నెమలి తోక ఊడిపోవును. ఆ గోడలను చూచి 'మా యూరికి కళ వచ్చినది' అనుకొను పిల్లలకు మనము అన్యాయము చేయుచున్నాము. కళాకారుడు ఊర నుండుటకు ఫలము గోడపై రంగు కాదు. అతడు ఆ యూర నుండుటచేత అతని పనియే మారవలెను, ఊరివారి చూపును కొంత మారవలెను. ఇది రెండు దినములలో జరుగునది గాదు.

జపానుదేశమున నీగాతా ప్రాంతమందలి ఎచిగో-త్సుమారి యను సీమ ఇందుకు తగిన సాక్ష్యమిచ్చును. అది మంచు దట్టముగ కురియు కొండసీమ, మెట్లుమెట్లుగ వరిమళ్లు. యువకులు నగరములకు పోగా ముసలివారు మిగిలిరి, బడులు మూతపడెను, ఇండ్లు పాడుపడెను. ఫ్రామ్ కితగవ యను నాతడు 2000 సంవత్సరమున అచ్చట ఒక కళోత్సవమును మొదలుపెట్టెను; అది మూడేండ్ల కొకమారు జరుగుచున్నది. మొదట ఆ యూళ్లవారు దీనిని ఎదిరించిరి. 'మా మళ్లలో మీకేమి పని?' అనిరి. సోవియట్ దేశమున పుట్టిన కబకోవ్ దంపతులు ఒక వరిమడిమీద సేద్యపు పనుల బొమ్మలను నిలుపదలచినప్పుడు ఆ మడి గల రైతు తొలుత సమ్మతింపలేదు. వారి యుద్దేశమును గ్రహించిన పిమ్మటనే అంగీకరించెను. నాకు ఈ కథలో మిక్కిలి నచ్చినది ఆ రైతు చెప్పిన 'వద్దు' అను మాట. అడిగినప్పుడే గదా వద్దనుటకు వీలు! మూతపడిన బడులు, పాడుపడిన యిండ్లు అచ్చట చిత్రశాలలైనవి. ఇంత చేసినను యువకులందరు తిరిగివచ్చిరని ఎవరును చెప్పరాదు. కళ వలసను ఆపునను ఆశ మనకును వలదు. ఊరు ఖాళీయగుచున్నను గౌరవముతో బ్రతుకవచ్చునని ఆ ముసలివారికి తోచెనేని అదియే పెద్ద మాట.

మన చేర్యాలవంటి యూర దీనిని ఎట్లు జరుపవచ్చును? కాలమును ముందు నిర్ణయించుకొందము. నాట్లవేళ ఎవరికిని తీరిక యుండదు. వేసవి యెండ భరింపరానిది. దసరానాటికి అతిథి రావలెనని నా సూచన. అప్పుడు బతుకమ్మలు పేర్చుచుందురు. తంగేడు, గునుగు పూలను ఏ వరుసపై ఏ వరుస పెట్టవలెనో తెలిసిన ప్రతి యిల్లాలును ఒక చిత్రకారిణియే గావున, వచ్చిన వానికి మొదటివారముననే గర్వభంగమగును, అది మంచిది. ఆ పిమ్మట వరికోతలు, కళ్లములు. సంక్రాంతినుండి చేర్యాలకు చేరువనున్న కొమురవెల్లిలో మల్లన్న జాతర. అచ్చట ఒగ్గువారు రంగుపొడులతో నేలపై వేయు పట్నములను చూచినవాడు, ముగ్గు తుడిచిపోవునని తెలిసియు అంత శ్రద్ధతో వేయుటలోని మర్మమును చిత్రశాలలలో నేర్చుకొనలేడు. మహాశివరాత్రివరకు అతడు ఉండవలెను. చిత్రకారుడైనచో నకాశీల యింట కూర్చుండి గుడ్డకు పూత పూయుట నేర్చుకొనవలెను. తనకు వచ్చినది వారికి చూపవలెను. రచయితయైనచో కథకుల నోట వినవలెను. పోవుటకు ముందు తాను చేసినదానిని ఊరి నడుమ అందరియెదుట పెట్టవలెను. ఊరివారు బాగులేదన్న బాగులేదని విని పోవలెను. నగరపు విమర్శకుని మెప్పు ఆ తరువాతిది. చేసినవానిలో ఒకటి ఊరికే విడిచిపోవుట మర్యాద.

వ్యయమెంత? దినమునకు అరకిలో బియ్యము చొప్పున అయిదు నెలలకు డెబ్బదియైదు కిలోలు. ఒక పెద్దగ్రామమున నూటయేబది యిండ్లవారు తలకొక అరకిలో తీసిన తీరిపోవును. కూరనారలు ఏ పూటకాపూట ఏ యింట భుజించిన ఆ యింటివి. గది యొకటి కావలెను. రొక్కము మాత్రము తప్పదు. ఏలయన కళాకారునికిని ఇంటివద్ద తల్లిదండ్రులు, బిడ్డలు ఉందురు. 'పేరు వచ్చును గదా, డబ్బెందుకు?' అని అడుగు దాతలను దూరముగ నుంచవలెను. ఆ రొక్కమును నగరములలో స్థిరపడిన ఆ యూరి బిడ్డలు చందాలు వేసికొని సమకూర్చుట న్యాయము. వారిలో అనేకులు గుడికి గోపురము, బడికి గేటు కట్టించి తమ పేర్లు చెక్కించుకొనుచున్నారు. ఒక మనిషి అయిదు నెలల అన్నమునకు రాతిపలక యక్కరలేదు, నిజమే. అందుచేతనే వారికి ఇది తోచకపోవచ్చును.

స్థిరముగ ఊరనే నిలిచిన కళాకారులను మరచి వచ్చుపోవువారిని గూర్చియే మాటలాడుట తగదు. సిద్దిపేటలో కాపు రాజయ్యగారు 1925లో పుట్టి 2012లో మరణించువరకు ఆ యూరివారుగనే బ్రతికిరి. డ్రాయింగు మాస్టరుగా పని చేసిరి. నకాశీ చిత్రములలోని గీతను, రంగును గ్రహించి, బోనములను, వడ్డెర స్త్రీలను, పల్లె పనిపాటలను చిత్రించిరి. లలితకళాసమితిని స్థాపించి పిల్లలకు నేర్పిరి. ఆయన బొమ్మలు దేశదేశములకు పోయినవి. ఒక చిన్నయూరి బడిలో డ్రాయింగు పీరియడు ఎంతపని చేయగలదో ఆయనను చూచి తెలిసికొనవచ్చును. పరీక్షలు దగ్గరపడగనే ఆ పీరియడును లెక్కలకు ఇచ్చివేయు ఉపాధ్యాయమిత్రులు దీనిని చదువుదురని ఆశించుచున్నాను. పైనుండి వచ్చిన అతిథి ఎంతవాడైనను, ఊర ఇట్టివాడొకడు ఉన్నప్పుడే ఆతని రాక నిలుచును. లేనిచో అతడు పోయిన మరునాడే తెరపడును.

మన పాఠశాల చేయగల పని స్వల్పమే యైనను కలదు. మన విద్యార్థులలో జనగామ, సిద్దిపేట, ఆలేరు ప్రాంతములనుండి వచ్చినవారు కొందరు కలరు. 2023 అక్టోబరునుండి సిద్దిపేటకు సికింద్రాబాదునుండి రైలు నడచుచున్నది గావున రాకపోకలు మునుపటివలె ప్రయాస గావు. సెలవులకు ఇండ్లకు పోవు విద్యార్థులు తమ యూర తాళము వేసియున్న గది యెక్కడ కలదో చూచిరావలెను. పిల్లలు లేక మూతపడిన బడి కావచ్చును, వాడుకలేని గిడ్డంగి కావచ్చును, నగరమున స్థిరపడినవారి పాతయిల్లు కావచ్చును. పైకప్పు కురియునా, నీటి వసతి యెంత దూరము, తాళపుచెవి ఎవరివద్ద నున్నది, అడిగిన ఇత్తురా, అను నాలుగు సంగతులు కనుగొనవలెను. దానితో బాటు ఆ యూర పటము విప్పి కథ చెప్పగల వృద్ధులు ఇంకను ఎవరైన ఉన్నారా, ఉన్నచో వారి యింట పటము ఉన్నదా, ఎలుకల పాలైనదా యని తాతయ్యలను, నాయనమ్మలను అడిగి వ్రాసికొనవలెను. ఈ వివరములను సంక్రాంతి సెలవుల పిమ్మట తమ తరగతి ఉపాధ్యాయులకు అందజేయవలెనని కోరుచున్నాను. తలిదండ్రులలో అట్టి గది గలవారు తామే స్వయముగ తెలియజేసిరేని, రాబోవు దసరాకు ముందే ఒక యూరివారితో మాటలాడుటకు వీలగును.